బొటనవేలంత

కాశీబుగ్గ బస్టాండు వెనక
మందుల షాపు పైన అద్దె గది.
పాత ల్యాప్‌టాప్,
'ఎస్' మీట ఊడిపోయి మూడు నెలలు.
మొన్న వచ్చిన మెయిలు ప్రకారం
నేనిప్పుడు డిజైనర్‌ని.

అమ్మకు ఫోన్ చేస్తే
"చీరలకా, గాజులకా?" అంది.
"తెరలకమ్మా."
"ఏ గుమ్మానికీ?"

ఆరు నెలల కోర్సు నేర్పిందేమిటంటే
ముందు ఒక మనిషిని ఊహించుకోవాలి.
పేరు పెట్టాలి, వయసు పెట్టాలి,
నవ్వుతున్న ఫొటో అతికించాలి.
నా పోర్ట్‌ఫోలియోలో ఒకావిడ ఉండేది,
కాఫీ తాగుతూ యోగా క్లాసు వెతుక్కునేది.
పలాసలో ఆవిడ నాకెప్పుడూ ఎదురవలేదు.
ఇంటర్వ్యూలో మాత్రం
రోజూ పలకరిస్తున్నట్టే మాట్లాడాను.

మొదటి పని, జీడిపప్పు ఫ్యాక్టరీలకు హాజరు యాప్.
తెర నడుమ నీలం సున్నా,
వేలు పెట్టు, పచ్చటి టిక్కు, లోపలికెళ్ళు.
బెంగళూరు వాళ్ళు వీడియోలో
బొటనవేళ్ళెత్తి మెచ్చుకున్నారు.

సోమవారం ఉదయం ఆరింటికి
ఫోను పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను.
కాలిన పిక్కల పొగ
చొక్కాలోకి, గొంతులోకి.
దుంపల ఢిల్లమ్మ వేలు పెట్టింది.
మళ్ళీ ప్రయత్నించండి.
కొంగుకి తుడుచుకుని పెట్టింది.
మళ్ళీ ప్రయత్నించండి.
ఇంత బూడిద రాసుకుని, ఊది, పెట్టింది.
ఆ ఎర్రటి అక్షరాలు నావే.
ఆ ఎరుపు ఎంచుకోడానికి
ఒక మధ్యాహ్నమంతా ఖర్చుపెట్టాను.

వెనక వరస పెరుగుతోంది.
"ఒలే, నీ ఏలికేటయిందే?"
"ఏటవుద్ది? ఇరవయ్యేళ్ళుగా పిక్క కొడతన్నాను,
గీతలన్నీ జీడి తినీసింది."

ఆవిడ చెయ్యి చాపింది,
నాకు చూపిద్దామని కాదు,
ఫోను తిరిగి ఇచ్చేద్దామని.
నల్లగా, నున్నగా,
వానకి కొట్టుకుపోయిన గట్లలా వేళ్ళు.
ఏ ఇద్దరికీ ఒకేలా ఉండదంటారే, ఆ ముద్ర,
ఇక్కడ నలభైమందికీ ఒకేలా
లేదు.

"అయితే బాబూ,
ఈయేళ నాను రానట్టేనా?"

ఎదురుగా నిలబడి అడుగుతోంది.
ఆ ప్రశ్నకి నా తెర మీద మీట లేదు.

గుమస్తా గున్నయ్య గారు
రిజిస్టరు చంకలో పెట్టుకుని
అంతా చూస్తూనే ఉన్నారు.
నవ్వలేదు. అంత మంచివారు.
వరసంతా పది నిమిషాల్లో లోపలికెళ్ళిపోయింది.
కొందరికి తలెత్తను కూడా లేదాయన,
దగ్గు విని టిక్కు పెట్టారు.

తర్వాత టీ కొట్టు బల్ల మీద
ఆ రిజిస్టరు అడిగి చూశాను.
ఢిల్లమ్మలు ఏడుగురు.
ఒక్కో పేరు పక్కన పెన్సిలు బొమ్మ,
కొబ్బరికాయ, చేప, నిచ్చెన, గొడుగు.
"పేర్లు చదవలేనోళ్ళు బొమ్మ చూసుకుంటారు.
ఎవరి బొమ్మ ఆళ్ళే చెప్పారు" అన్నారాయన
గ్లాసు కడిగి పెడుతూ.
ఈ పనికి నా కోర్సులో
ఎనిమిది వారాల పాఠం ఉంది, ఫీజుతో సహా.

ఆ రాత్రి నీలం సున్నా చెరిపేశాను.
యోగా ఆవిడని కూడా.
వేలిముద్ర తీసేద్దామంటే
బెంగళూరులో ఎవరికో మనసొప్పలేదు,
శుక్రవారం దాకా వాదన.
నా గొంతు రెండుసార్లు వణికింది.
మూడోసారి ఢిల్లమ్మ అడిగింది
అడిగినట్టే చెప్పాను, మా యాసలోనే.
ఎవరికీ అర్థం కాలేదు.
అర్థమయ్యేలా మళ్ళీ చెప్పాను.

రెండో సోమవారం
తెర నిండా బొమ్మలు,
ఒక్కోటి బొటనవేలంత.
బూడిద చేతికి కూడా అందేంత.
ఢిల్లమ్మ తన గొడుగు వెతుక్కుంది.
కనబడింది. నొక్కలేదు.
దగ్గరగా పెట్టుకుని చూసింది,
దూరంగా పెట్టి చూసింది.

"బాబూ, గొడుక్కి పిడి వంకర లేదేటి?
వంకర లేకపోతే
పనికాడ ఎక్కడ తగిలించుకుంతాను?"

గేటు పక్కన ఇటుకల మీద కూర్చుని
వంకర గీస్తున్నాను.